పడవవాడి వేషం

కొత్త కాలనీ, ఏడో వరస
ఎండాకాలం చివర

అత్తయ్యకి,

నువ్వు బతికే ఉన్నావని సహాయ సంఘం వాళ్ళు పంపిన చీటీ మొన్న అందింది. అందులో రెండే ముక్కలున్నాయి. "ఆస్పత్రి లాండ్రీలో పనిచేయుచున్నది. ఆరోగ్యముగా ఉన్నది." ఆ రెండు ముక్కలే అమ్మ నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. చివరికి అనుమానం పట్టుకుంది. "మీ అత్తయ్య ఏనాడైనా ఆరోగ్యంగా ఉన్నానని ఒప్పుకుందా? ఎప్పుడూ నడుంనొప్పేగా! ఇదెవరో వేరే మనిషి" అంటుంది. కాబట్టి నువ్వు నువ్వేనని తేలాలంటే వెంటనే నీ నొప్పులన్నీ రాసి పంపు.

పదకొండేళ్ళకి ఉత్తరం రాయమంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. పెళ్ళయింది. మా ఆయన నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మాట తక్కువ, టీ ఎక్కువ. పాపకి ఏడేళ్ళు. నోరు నీదే వచ్చింది. నేను కుట్టుపని షెడ్డులో కటింగ్ చేస్తాను. కాలనీ అంటే మరీ గొప్పగా ఊహించుకోకు. రేకుల కప్పు ఇళ్ళు, తొమ్మిది వరసలు, వరసకొక కుళాయి. ఒకింట్లో తుమ్మితే నాలుగిళ్ళ అవతలనుంచి "చిరంజీవ" వినిపిస్తుంది. వరసలకి మన పాత ఊరి వీధుల పేర్లే పెట్టారు. మా ఏడో వరస పేరు రేవు వీధి. నీళ్ళు మాత్రం కుళాయిలో కూడా రావు.

నాన్న పేరు ఇక్కడ తెలియనివాళ్ళు లేరు అత్తయ్యా. పిల్లలకి కూడా తెలుసు.

ఒక్క సంగతి అడుగుతాను. ఆ సాయంత్రం నాన్న మమ్మల్ని ఇవతలి ఒడ్డున దించి మళ్ళీ పడవెక్కాడు. నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. కాపలావాళ్ళు నన్ను లారీలోకి ఎక్కించేశారు. అమ్మ వెనకబడి, చాలాసేపటికి వచ్చి ఎక్కింది. ఆ తరవాత ఇప్పటిదాకా నది మాట ఎత్తలేదు. నాన్న నీ దగ్గరికి చేరాడా? ఏమయ్యాడో నీకేమన్నా తెలుసా?

ఉత్తరాలు దారిలో విప్పి చూస్తారట. చూస్తే చూశారు. తెలిసినంత రాయి.

నీ పిచ్చుక

*

పాత ఒడ్డు, ఆస్పత్రి లాండ్రీ వెనక గది
తొలి వానలు

ఒసే పిచ్చుకా,

నడుంనొప్పి అలాగే ఉంది. మోకాళ్ళు దానికి తోడయ్యాయి. ఎడమచెయ్యి ఇస్త్రీ డబ్బా పట్టుకుని పట్టుకుని పైకి లేవదు. మీ అమ్మకి నమ్మకం కుదిరిందా? కుదరకపోతే ఇంకోటి చెప్పు. తను కాపురానికొచ్చిన మొదటి వారం పాలు మాడబెట్టి, నేను మాడబెట్టానని తమ్ముడితో చెప్పింది. అది మా ముగ్గురికి తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

నీకు పెళ్ళీ, ఒక పాపా! లారీ నడిపేవాడు మాట తక్కువవాడైతే అదృష్టమే, నీ మాటలు ఎవరో ఒకరు వినాలిగా.

ఇక నువ్వడిగిన సంగతి. నీకు తెలుసనుకున్నానే తల్లీ. ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను. తమ్ముడు ఆ సాయంత్రమే పోయాడు. మాకోసం తిరిగొస్తుంటే నది మధ్యలో తూటా తగిలింది. పడవ దానంతట అది కొట్టుకుని మా ఒడ్డుకే వచ్చింది. నేనూ, వడ్రంగీ కలిసి మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి లాక్కొచ్చాం. ప్రాణం అప్పటికే లేదు. కర్రల అడితి వెనక గోడ పక్కన పూడ్చిపెట్టాం. వడ్రంగి అడితిలో చెక్కలు తీసి పెట్టె చేశాడు. హడావిడి పెట్టెలా చెయ్యలేదు, మూలలు కూడా నున్నగా తోశాడు. వారానికోసారి వెళ్ళి గడ్డి పీకి వస్తాను. మీ నాన్న ఒంటరిగా లేడు.

ఒడ్డున ఆగిపోయిన మా సంగతి కూడా రాస్తాను. మూడోనాడు వాళ్ళ సైన్యం వచ్చింది. మగవాళ్ళని లారీల్లో తీసుకెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆడవాళ్ళలో పని వచ్చినవాళ్ళని పనికి పెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళ భాషలోనే కలలు కూడా వస్తున్నాయి. కలలో నువ్వు వాళ్ళ భాషలో మాట్లాడావు మొన్న. లేచి ఏడ్చాను.

నాన్న పేరు తెలియనివాళ్ళు లేరన్నావు చూడు, ఆ ముక్క దగ్గర ఉత్తరం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. పిల్లలకి కూడా తెలుసా! విగ్రహం గానీ పెట్టారా ఏమిటే? పెడితే ముక్కు సరిగ్గా చెక్కమని చెప్పు. మా వంశానికి ముక్కే ఆస్తి.

మీ అత్త

*

కొత్త కాలనీ, ఏడో వరస
వానాకాలం

అత్తయ్యా,

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. ఇంట్లో చదివితే అమ్మ నా మొహం చూస్తుంది. ఆ పూట ఇరవై చొక్కాలకి మెడ కొలత తప్పుగా కత్తిరించాను.

నాన్నకి విగ్రహం లేదు. పేరు తెలియనివాళ్ళు లేరని రాశాను, ఎందుకు తెలుసో రాయలేకపోయాను. పోయినసారి ఆ వాక్యం రాసి, కింద ఇంకో వాక్యం రాసి, కొట్టేసి, కాగితం మార్చాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇక్కడ మనవాళ్ళందరి దృష్టిలో నాన్న ద్రోహి. ఆఖరిసారి తిరిగి వెళ్తానని చెప్పి, పడవ తీసుకుని నది దిగువకి పారిపోయాడని చెప్పుకుంటారు. అవతలి ఒడ్డున రెండువందల మంది ఎదురుచూస్తూ ఉండిపోయారని, వాళ్ళంతా పోయింది అతని వల్లేనని. నది దాటిన రోజుని ఏటా జరుపుతారు. మైదానంలో నాటకం వేస్తారు. అందులో పడవవాడి వేషం ఉంటుంది. ఎవరూ వెయ్యనంటారు, చీటీలు తీసి ఒకరి నెత్తిన పెడతారు. అతను పడవని ఈడ్చుకుంటూ పారిపోతుంటే పిల్లలు మట్టిగడ్డలు విసరాలి. అది నాటకంలో భాగం. ఎవరైనా మోసం చేస్తే ఇక్కడ "పడవెక్కించాడు" అంటారు. కుళాయి దగ్గర వరస తప్పి బిందె పెడితే "పడవవాడి బుద్ధి" అంటారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కొత్తగా పుట్టిన పిల్లలకి తెలియదు, మాట మాత్రం వచ్చు.

మొదటి శిబిరంలో ఉండగా మేమెవరమో అందరికీ తెలుసు. మా గుడారం మీద పేడ కొట్టేవాళ్ళు. ఒక ముసలాయన, తన కొడుకులిద్దరూ ఆ ఒడ్డున ఉండిపోయారట, రోజూ వచ్చి గుడారం ముందు కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. కూర్చునేవాడంతే. ఒకరోజు పొద్దున్న అమ్మ మూట కట్టింది. తరవాతి శిబిరంలో మమ్మల్ని మొహం ఎరిగినవాళ్ళు లేరు, ఇంటిపేరు అడిగితే అమ్మ తన పుట్టింటి పేరు చెప్పింది. అప్పటినుంచి అదే మా పేరు. మా ఆయనకి కూడా తెలియదు.

నాటకానికి బట్టలు కుట్టేది మా షెడ్డే. ఏటా పడవవాడి చొక్కా నేనే కత్తిరిస్తాను. వేరేవాళ్ళ చేతిలో పెట్టబుద్ధి కాదు. మట్టిగడ్డలు తగిలితే నొప్పి పుట్టకుండా లోపల మందంగా గుడ్డ వేస్తాను. "ద్రోహికి ఇంత మంచి లైనింగా" అని మిగతావాళ్ళు నవ్వుతారు.

నిరుడు పాప విసిరిన గడ్డ సరిగ్గా వెళ్ళి అతని వీపుకి తగిలింది. ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పుకుంది. "అమ్మమ్మా, నాది తగిలింది, నాదొక్కటే తగిలింది." అమ్మ దాని చేతులు కడిగి లోపలికి తీసుకెళ్ళింది.

అసలేం జరిగిందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నాన్న అలాంటివాడు కాదని లోపల ఉండేది. కానీ అందరూ ఒకే మాట అంటూంటే, ఎక్కడో ఒక మూల, నిజమేనేమోనని... అది కూడా రాసేశాను. ఇప్పుడు చెప్పు. కాల్చిందెవరు?

పిచ్చుక

*

లాండ్రీ వెనక గది
అదే వాన

పిచ్చుకా,

ఉత్తరం చదివి దుప్పటి మాడబెట్టాను. ఆస్పత్రివాళ్ళు తిట్టారు. తిట్టుకోనీ.

మా తమ్ముడు ద్రోహా? వాడికి ఏరు దాటించినందుకు ఎప్పుడైనా గట్టిగా డబ్బులడగడం వచ్చిందా? "ఇచ్చినప్పుడు ఇవ్వండి" అని మీ అమ్మచేత తిట్లు తిన్నవాడు. పారిపోయేవాడు పెళ్ళాన్నీ, జ్వరంతో ఉన్న పిల్లనీ ఒడ్డున దింపి పారిపోతాడా? ఆమాత్రం బుర్ర ఆ తొమ్మిది వరసల్లో ఒక్కరికీ లేదా?

వెళ్ళి చెప్పు. మా నాన్న తిరిగి వెళ్తూ పోయాడని, ఆయన అక్క చేతులారా పూడ్చిందని చెప్పు. సమాధి చూడాలంటే మా అత్త చూపిస్తుందని చెప్పు.

కాల్చిందెవరని అడిగావు. తూటాకి ఊరూ పేరూ రాసి ఉంటాయా? యుద్ధం. అన్ని వైపులా కాలుస్తున్నారు. అది వదిలెయ్యి. వాడు ఎటు వెళ్తూ పోయాడన్నదే ముఖ్యం.

అత్త

*

కొత్త కాలనీ, ఏడో వరస
వానలు తగ్గాక

అత్తయ్యా,

ఎక్కడ మొదలెట్టను! ముందు మీ అల్లుడి సంగతి చెప్తాను. ట్యాంకరు కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పాను. నేను పడవవాడి కూతుర్ని అన్నాను. గుడ్డ పిండుతూ పిండుతూ ఆగిపోయాడు. చివరికి, "రెండేళ్ళ కిందట ఆ వేషం చీటీ నాకే వచ్చింది. దెబ్బ తగల్లేదెందుకో అనుకున్నాను. లోపల గుడ్డ వేసింది నువ్వా?" అన్నాడు. తరవాత టీ అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

ఇద్దరం కలిసి పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. పెద్దాయనంటే కాలనీ కమిటీ పెద్ద. ఆయన లేకపోతే ఈ కాలనీయే లేదు. బడి ఆయన తెచ్చిందే. ఎవరింట్లో పొయ్యి వెలక్కపోయినా ముందు ఆయనకే తెలుస్తుంది. నది దాటిన రోజున ఒడ్డున మమ్మల్ని కాపాడిన కాపలా దళానికి ఆయనే నాయకుడు. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తిరిగి వెళ్తూనా?" అన్నాడు. "పూడ్చారా? సరిగ్గా పూడ్చారా?" అన్నాడు. నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో! అంత పెద్దమనిషి ముందుగా అడిగింది సమాధి గురించి.

వారం తిరక్కుండా మైదానంలో అందర్నీ పిలిచి చెప్పాడు. మనం ఒక మంచి మనిషిని ఇన్నేళ్ళూ తప్పుగా తలుచుకున్నాం, అతను మనవాళ్ళ కోసం వెనక్కి వెళ్తుంటే శత్రువులు కాల్చేశారు అన్నాడు. కొందరు ఏడ్చారు. నన్ను వచ్చి పట్టుకున్నారు. షెడ్డులో ఎవరి పని వాళ్ళు మానేసి నా చుట్టూ కూర్చున్నారు. ఏడో వరస మొదట్లో నాన్న పేరు రాసిన పలక పెడతారట. అత్తయ్యా, పాప బడినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "పడవవాడు మా తాతయ్యని అందరికీ చెప్పేశా" అంది.

నాటకం మార్చారు. పడవవాడి వేషానికి ఈసారి పోటీ. పదకొండుమంది పేర్లిచ్చారు! నాన్నని కాల్చే శత్రు సైనికులు నలుగురు కొత్తగా వచ్చారు. వాళ్ళ దుస్తులు కుట్టే పని మాదే. నువ్వు చూశావుగా, ఆ రోజు వాళ్ళ చొక్కా ఏ రంగు? భుజం మీద పట్టీలుండేవా? పిల్లలు మట్టిగడ్డలు ఇకనుంచి వాళ్ళ మీద విసురుతారు.

అమ్మ సంగతే అర్థం కావడం లేదు. ఇంత జరిగితే సంతోషిస్తుందనుకున్నాను. మైదానం నుంచి వచ్చి, గుండీల డబ్బా ముందేసుకుని తెల్లవి నల్లవి వేరు చేస్తూ కూర్చుంది. "అమ్మా, విన్నావుగా" అంటే, "విన్నాను" అంది. అంతే.

చొక్కా రంగు మర్చిపోకుండా రాయి.

నీ పిచ్చుక

*

లాండ్రీ వెనక గది
చలి మొదలు

పిచ్చుకా,

చొక్కా రంగు రాయను. ఏ రంగు చొక్కా వేసుకున్న సైనికుడూ ఆ రోజు మా ఒడ్డున లేడు. వాళ్ళు వచ్చింది మూడోనాడని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. చదివావు, పట్టించుకోలేదు. నేను కూడా నువ్వు పట్టించుకోకపోతే బాగుండునని ఊరుకున్నాను.

ఇవాళ నీ ఉత్తరం పట్టుకుని పక్కింటావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వడ్రంగి భార్య. వడ్రంగి పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళది ఆ వచ్చిన సైన్యం భాషే. అంటే ఇప్పుడు వచ్చినవాళ్ళు కారు, మనతోపాటు తరతరాలుగా ఈ వీధిలోనే ఉన్నవాళ్ళు. నీ చిన్నప్పుడు నీ చెక్క గుర్రం విరిగితే అతికించింది ఆయనే. మర్చిపోయుంటావు. మీ కాలనీలో అందరూ మర్చిపోయే ఉంటారు. అక్కడ మన ఊళ్ళో ఒకే భాష ఉండేదని చెప్పుకుంటారు కదూ? ఇక్కడి బడి పుస్తకాల్లోనూ ఈ ఊళ్ళో ఒకే భాష ఉండేదని రాసి ఉంది. అది మనది కాదు, అంతే తేడా. మనం ఇక్కడ పుట్టనే లేదట. నేను పొద్దున్నే వీళ్ళ పిల్లలకే యూనిఫారాలు ఇస్త్రీ చేస్తాను.

ఆవిడ "కోడలు ఏం రాసింది?" అని ఆశగా అడిగింది. నేను ఏం చెప్పను? నీ మొగుడు సమాధి తవ్వినవాడి కోసం మావాళ్ళు నీవాళ్ళని మట్టిగడ్డలతో కొట్టబోతున్నారని చెప్పనా? తమ్ముడి మీద కప్పిన దుప్పటి ఆవిడ మంచం మీదది. తెల్ల దుప్పటి, అంచు కుట్టింది కూడా ఆవిడే. ఏమీ లేదమ్మా, అందరూ బాగున్నారట అని వచ్చేశాను.

ఇప్పుడు విను. మసక చీకటి. మేమంతా రేవులో నిలబడి ఉన్నాం. పడవ సగం దూరం వచ్చింది. తెడ్లు వేసేవాడు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు, నీకు తెలుసు. వాడి వీపు మావైపు, మొహం మీవైపు. మీ ఒడ్డు నుంచి పెద్ద లైటు వేశారు. అది నీళ్ళ మీద అటూ ఇటూ తిరిగి పడవ మీద ఆగింది. వాడు తెడ్లు వదిలి చేతులు పైకెత్తి "నేనే, నేనే" అని అరిచాడు. ఆ అరుపు మాకు వినిపించింది. మీ ఒడ్డుకి వినిపించలేదేమో. కాల్చారు. తూటాలు రెండూ గుండె మీదే తగిలాయి. వీపున ఒక్క గాయం లేదు. వాడి ఒళ్ళు కడిగింది నేను.

నీళ్ళ మీద కదిలినదాన్నల్లా కాల్చమని చెప్పుంటారు. శత్రువుల పడవనుకున్నారో, వాళ్ళతో కలవడానికి పోతున్నాడనుకున్నారో. కాల్చినవాళ్ళూ మన పిల్లలే, భయపడ్డ పిల్లలు. వాళ్ళని శపించి ఎరగను. నీకెందుకు చెప్పలేదంటావా, ఎవరిమధ్య బతుకుతున్నావో వాళ్ళ మొహం నువ్వు రోజూ చూడాలి కాబట్టి. కానీ మా తమ్ముణ్ణి ఇన్నేళ్ళు దొంగని చేసి, ఇప్పుడు వాడి శవాన్ని అడ్డం పెట్టుకుని పక్కింటావిణ్ణి హంతకుల మనిషిని చేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోలేను.

అత్త

*

ఏడో వరస
చలికాలం

అత్తయ్యా,

చదివాను. కాపలా దళం నాయకుడు పెద్దాయన. ఆ మాట ఇక్కడ అందరూ గర్వంగా చెప్పుకునేదే. నేను ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. నిన్న కుళాయి దగ్గర కనిపించి, పాప ఎలా చదువుతోందని అడిగాడు. బాగానే అన్నాను.

మీ అల్లుడికి చెప్పాను. ఆయన, "పాపకి ఇప్పుడిప్పుడే స్నేహితులు పడుతున్నారు" అన్నాడు.

నది దాటిన రోజున నన్నూ అమ్మనీ వేదిక మీద కూర్చోబెడతారట. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను? నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించలేదు. శత్రువుల చొక్కాలు నాలుగూ కత్తిరించి పెట్టాను. రంగు నేనే ఏదో ఊహించి వేశాను. వాటికీ లోపల మందంగా గుడ్డ వేశాను.

పిచ్చుక

*

లాండ్రీ వెనక గది

తల్లీ,

కోపంలో రాశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మాట్లాడకు. మంచివాడని అంటున్నారుగా, అననీ. బతికున్నవాళ్ళు బతకాలి. పక్కింటావిడకి నేను ఎలాగూ చెప్పను, ఆవిడకి ఎలాగూ తెలియదు. తమ్ముడు ఏమీ అనుకోడు. వాడు బతికున్నప్పుడే ఏమీ అనుకునేవాడు కాదు.

ఇంకో మాట. ముసలివాళ్ళు ఇటు వచ్చి తమవాళ్ళతో ఉండిపోవడానికి అనుమతి ఇస్తున్నారని ఇక్కడ చాటించారు. ఒక్కటే షరతు, వచ్చినవాళ్ళు మళ్ళీ అటు వెళ్ళడానికి లేదు. మీ అమ్మతో అని చూడు. రాదనుకో. ఊరికే చెప్పానంతే.

అత్త

*

ఏడో వరస
చలికాలం చివర

అత్తయ్యకి,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. అమ్మ తెస్తుంది. నువ్వు చదివేసరికి అమ్మ నీ గదిలో మంచం అంచున కూర్చుని, చెప్పులు విప్పాలా వద్దా అని చూస్తూ ఉంటుంది. విప్పమని చెప్పు.

ఏం జరిగిందో తను చెప్పదు కాబట్టి నేను రాస్తున్నాను.

మైదానం నిండిపోయింది. నాటకం అయింది. పడవవాడు పడిపోతుంటే ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. పిల్లలు గడ్డలు విసిరారు, మన పాప కూడా. తరవాత పెద్దాయన నన్ను పిలిచాడు. నేను లేచాను. ఏం చెప్పాలో అప్పటికీ తెలియదు, నమ్ము. రెండడుగులు వేశానో లేదో, అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తనే వెళ్ళి మైకు ముందు నిలబడింది. పొట్టి మనిషి కదా, మైకు నుదుటికి వచ్చింది. కిందికి దింపడం తెలియక, తలెత్తి మాట్లాడింది.

"మా ఆయన్ని కాల్చింది ఇటునుంచే" అంది. "నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. లైటు వేసింది ఇటునుంచే. మా ఆయనండీ, కాల్చకండీ అని అరుస్తూనే ఉన్నాను. ఎవరో అబ్బాయి నా నోరు మూశాడు. అతను కూడా ఏడుస్తున్నాడు. నేను ఎవర్నీ తప్పుపట్టడానికి లేవలేదు. ఇన్నేళ్ళు ఆయన్ని దొంగన్నారు, నోరు మూసుకున్నాను. పిల్లని బతికించుకోవాలి. ఇప్పుడు దేవుడంటున్నారు. రెండూ వద్దు. ఆయన పడవ నడిపేవాడు. మీవాళ్ళు అవతల ఉండిపోయారని వెనక్కి వెళ్ళాడు. పాపం ఆ సైనికుల వేషం వేసిన పిల్లల్ని కొట్టకండి."

అమ్మకి మొదటినుంచీ తెలుసు అత్తయ్యా. అంతా చూసింది. చూసి వచ్చి, లారీ ఎక్కి, నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

ఎవరూ అరవలేదు. వెనకనుంచి ఒక ముసలావిడ లేచి, "అయితే ఆ పడవ చేరి ఉంటే మా అబ్బాయి వచ్చేవాడా?" అని అడిగింది. ఆవిడ అమ్మని అడగడం లేదు. పెద్దాయన్ని చూస్తూ అడిగింది. పెద్దాయన మైకు దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మైకు పాడైందనుకుని కరెంటు పనివాడు పరిగెత్తుకొచ్చి తీగ సరిచేసి, "ఇప్పుడు మాట్లాడండి సార్" అన్నాడు. ఆయన మైకు పట్టుకుని నిలబడ్డాడు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కుర్చీలు మడిచేవాళ్ళు వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

మర్నాటినుంచి ఏడో వరసలో మాతో మాట్లాడేవాళ్ళు లేరు. షెడ్డులో నా బల్ల గుమ్మం దగ్గరికి జరిపారు, చలిగాలి తగిలేచోటికి. పలక పెట్టలేదు. మొదట అమ్మకి మతి చెడిందన్నారు. పదిరోజులు తిరిగేసరికి వేరే కథ వచ్చింది. ఆడపడుచు అవతల వాళ్ళ ఆస్పత్రిలో పనిచేస్తోంది, వాళ్ళే డబ్బులిచ్చి ఈ మాట చెప్పించారట. ఆ కథలో నువ్వు కూడా ఉన్నావు. పాప బడికి వెళ్ళనంటోంది. మీ అల్లుడు దాన్ని ట్యాంకరులో ముందు కూర్చోబెట్టుకుని తిప్పుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పెద్దాయన ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. అమ్మ కుర్చీ తెచ్చి బయట వేసింది. తను గుమ్మంలో కూర్చుంది. వరసలో తలుపులన్నీ సందు తెరిచి ఉన్నాయి. చివరికి ఆయన, "ఎక్కడమ్మా?" అన్నాడు. "కర్రల అడితి వెనకట" అంది అమ్మ. ఆయన తల ఊపి లేవబోయాడు. మోకాళ్ళు పట్టేశాయి, లేవలేకపోయాడు. అమ్మ చెయ్యి అందించింది. ఆ సంగతి కూడా కాలనీ అంతా చూసింది. అది మాత్రం ఎవరి కథలోనూ లేదు.

మర్నాడు అమ్మ నీ దగ్గరికి వెళ్తానంది. వెళ్తే మళ్ళీ రావడానికి లేదని చెప్పాను. తెలుసంది. నేను ఏడ్చాను, కోప్పడ్డాను, పాపని ముందుకి తోశాను. "నేనుంటే నీకు ఇక్కడ చోటుండదు. నేను వెళ్ళిపోయాననుకో, ముసలిదానికి మతి లేకపోయిందని నిన్ను కలుపుకుంటారు" అంది. ఎంత తేలిగ్గా అందో! నిజం చెప్పిన మనిషే, నా కోసం మళ్ళీ పిచ్చిదనిపించుకోవడానికి సిద్ధపడింది. నేను ఒప్పుకోనని చెప్పాను. ఎవరైనా అలా అంటే కాదని చెప్తాను. ఎన్నాళ్ళు చెప్పగలనో తెలియదు. పాప పెద్దదవ్వాలి. కొన్ని రోజులు చెప్తాను, కొన్ని రోజులు ఊరుకుంటానేమో. నీకైనా నిజం రాయాలి కదా.

అమ్మకి ఎడమకన్నులో పొద్దున్నా సాయంత్రం మందు వెయ్యాలి. వేసుకున్నానంటుంది, వేసుకోదు. తిన్నానంటుంది, తినదు. చన్నీళ్ళ స్నానం చెయ్యనివ్వకు. వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు, కుళాయి దగ్గర ఏమనాలో ముందు అది నేర్పు. పక్కింటావిడ కోసం ఒక తెల్ల దుప్పటి పంపుతున్నాను. అంచు నేనే కుట్టాను. ఎందుకో చెప్పకు, కోడలు పంపిందని ఇయ్యి.

నాన్న దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు నువ్వు పక్కన నిలబడకు. నీ ముందు ఏడవదు. వదిలేసి అడితి ముందు ఎక్కడైనా కూర్చో. తొందరపెట్టకు. కానీ చీకటి పడేలోగా వెళ్ళి పిలుచుకురా అత్తయ్యా. తనంతట తాను లేవదు.

పిచ్చుక